వీడియోలు, పాటలు, స్మార్ట్ వాచీలు: వ్యాయామం మీద ఆసక్తి నిలబడాలంటే వీటిని ఎలా వాడుకోవాలి?

ప్రశ్న: మియాపూర్ వాసి

అందరికీ నమస్కారం. మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తులో మా నివాసం, ఉద్యోగం గచ్చిబౌలిలో. నా వయసు నలభై. రోజులో ఎక్కువ భాగం కుర్చీలోనే గడిచిపోతుంది కాబట్టి వ్యాయామం తప్పదని డాక్టరుగారు చెప్పారు. ఎంత చేయాలన్న విషయంలో నాకు సందేహం లేదు. పెద్దవారు వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు ఒక మోస్తరు శ్రమతో కూడిన వ్యాయామం చేయాలని, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే కసరత్తులు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగానే ఉంది. నా ఇబ్బంది అంతా విసుగుతోనే. మొదలుపెట్టిన కొత్తలో ఉండే ఉత్సాహం కొద్ది వారాలకే చల్లబడిపోతోంది.

ఎండాకాలంలో ఉదయం ఏడు దాటాక బయట నడవలేము, వానాకాలంలో మా వీధిలో నీళ్లు నిలిచిపోతాయి, అందువల్ల ఏడాదిలో చాలా రోజులు ఇంట్లోనే ఏదో ఒకటి చేసుకోక తప్పదు. యూట్యూబ్‌లో వ్యాయామ వీడియోలకు కొదవ లేదు, చేతికి స్మార్ట్ వాచ్ ఉంది, ఫోన్ నిండా పాటలున్నాయి. వీటిని ఏ విధంగా వాడుకుంటే వ్యాయామ సమయం కోసం ఎదురుచూడగలుగుతామో అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను. ఏ కంపెనీ వాచ్ కొనాలన్న సలహా వద్దు, ఉన్నదాన్ని ఉపయోగించుకోవడం గురించే చెప్పండి.

మరొక విషయం. మా అమ్మగారికి అరవై అయిదేళ్లు. బీపీకి మాత్రలు వేసుకుంటారు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. నేను టీవీలో వీడియో పెట్టుకుని చేస్తుంటే ఆవిడ సోఫాలో కూర్చునే చేతులు పైకెత్తి దించుతూ నాతో పాటు లెక్కపెడుతుంటారు. ఆవిడకు పనికివచ్చే మార్గం ఏదైనా ఉంటే దయచేసి తెలియజేయండి.

జవాబు: బోయిన్‌పల్లి పాఠకుడు

మియాపూర్ వాసి గారూ, మీరు చెప్పిన విసుగు మీద పరిశోధనలే జరిగాయి. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన కేథరిన్ మిల్క్‌మన్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకసారి మొదలుపెడితే ఆపబుద్ధి కాని ఆడియో నవలలను కొందరికి జిమ్‌లో ఉన్నంతసేపు మాత్రమే వినగలిగేలా ఏర్పాటు చేశారు. తరువాయి భాగం వినాలంటే జిమ్‌కు రావలసిందే. ఆ ఏర్పాటు ఉన్నవారు, లేనివారితో పోలిస్తే, తొలి వారాల్లో 51 శాతం ఎక్కువసార్లు జిమ్‌కు వచ్చారు. అయితే కొన్ని వారాలు గడిచి, అక్కడి థ్యాంక్స్‌గివింగ్ సెలవులు వచ్చి వెళ్లేసరికి ఆ తేడా కరిగిపోయింది. 2016లో బయట తిరుగుతూ ఆడవలసిన పోకెమాన్ గో అనే ఫోన్ ఆట వచ్చినప్పుడు కూడా ఇదే జరిగింది. ఆడినవారు మొదటి వారంలో రోజుకు సుమారు 955 అడుగులు అదనంగా నడిచారని, ఆరో వారానికల్లా పాత లెక్కకే తిరిగి వచ్చారని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం తేల్చింది.

దీన్ని బట్టి నాకు అర్థమైనది ఏమిటంటే, కొత్తదనం ఏదైనా నెలా నెలన్నర కంటే ఎక్కువ కాలం మనల్ని లాక్కుపోలేదు, కాబట్టి అది తగ్గిపోయినప్పుడు నిరుత్సాహపడే బదులు దాన్ని మార్చే రోజును ముందుగానే నిర్ణయించుకోవాలి. నేను నడకకు సంజీవయ్య పార్కుకు వెళ్తాను. తెలుగు కథలు, నవలలు చదివి వినిపించే ఆడియోలు ఇప్పుడు ఎన్నో దొరుకుతున్నాయి కదా, వాటిలో ఒక సీరియల్‌ను నడక కోసమే కేటాయించాను. బూట్ల లేసు కట్టుకున్న తర్వాతే దాన్ని తెరవాలి, హుస్సేన్‌సాగర్ ఒడ్డు వదిలి గేటు దాటగానే, కథ ఎంత పట్టులో ఉన్నా, ఆపేయాలి. ఇంట్లో భోజనం చేస్తూనో, కారులో వెళ్తూనో మిగతా భాగం వినేస్తే మర్నాటి నడకకు కారణం మిగలదు. సీరియల్ ఎంపికలో ఒక మెలకువ ఉంది. కవిత్వం, ఉపన్యాసాలు మంచివే కానీ అవి రేపటికి ఏమీ మిగల్చవు, హత్య ఎవరు చేశారో చివరిదాకా తేలని కథ అయితేనే కాళ్లు వాటంతటవే బయలుదేరుతాయి.

పండగకు ఊరు వెళ్లి వచ్చాక, జ్వరం తగ్గాక, ఆఫీసులో పని ఒత్తిడి ముగిశాక అలవాటు తెగిపోయే ప్రమాదం ఎక్కువ. పైన చెప్పిన అధ్యయనంలో కూడా దెబ్బతీసినది సెలవులే. అందుకని కొత్త సీరియల్‌ను అలాంటి విరామం తర్వాతి మొదటి రోజు కోసం దాచిపెట్టుకోవడం మంచిది.

జవాబు: దరువు

పై మిత్రుడు కథల గురించి చెప్పారు కాబట్టి నేను పాటల గురించి చెబుతాను. కథ మనల్ని ఇంటి నుంచి బయటికి తీసుకువస్తుందేమో కానీ వేగాన్ని మాత్రం ఇవ్వలేదు. రసపట్టు వచ్చినప్పుడల్లా నడక నెమ్మదించడం పార్కుల్లో చూస్తూనే ఉంటాము.

వ్యాయామంలో సంగీతం పాత్ర మీద లండన్‌లోని బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో కోస్టాస్ కరాజోర్గిస్ చాలా ఏళ్లుగా పరిశోధనలు చేస్తున్నారు. తక్కువ, మధ్యస్థ తీవ్రతలో పని చేస్తున్నప్పుడు పాట వింటే అదే శ్రమ కొంత తేలికగా అనిపిస్తుంది. ఊపిరి అందనంత తీవ్రతకు చేరుకున్నాక మాత్రం శరీరం మొర పెట్టుకోవడమే పాట కంటే గట్టిగా వినిపిస్తుంది. కాబట్టి నడకకు, తేలికపాటి డాన్సుకు, సైకిల్‌కు పాట బాగా ఉపయోగపడుతుంది, వేగంగా పరుగెత్తేటప్పుడు ఉత్సాహాన్ని మించి దాని నుంచి ఎక్కువ ఆశించకూడదు.

పాటను ఎంచుకునే పద్ధతి చెబుతాను. పాట మొదలయ్యాక తాళం పడే చోటల్లా తొడ మీద చేత్తో తట్టుతూ పదిహేను సెకన్లు లెక్కించి, వచ్చిన సంఖ్యను నాలుగుతో హెచ్చవేస్తే నిమిషానికి ఎన్ని దెబ్బలో తెలుస్తుంది. పెద్దవారికి నిమిషానికి సుమారు 100 అడుగుల నడకను మధ్యస్థ తీవ్రతగా లెక్కిస్తారు, కాబట్టి పదిహేను సెకన్లలో ఇరవై అయిదు దెబ్బలు పడే పాట మీకు ఆరంభం. చురుకైన నడకకు నిమిషానికి 120 దెబ్బల దగ్గరలో ఉన్న పాటలు సరిపోతాయి. మన సినిమాల్లోని యుగళగీతాలు చాలావరకు ఇంతకంటే నెమ్మదిగా సాగుతాయి, అవి చివర్లో ఒళ్లు చల్లబరచుకునేటప్పుడు పనికి వస్తాయి. మొదట రెండు నెమ్మది పాటలు, మధ్యలో అయిదారు ఊపున్నవి, ఆఖరున మళ్లీ రెండు నెమ్మదివి వరుసగా పేర్చుకుంటే గడియారం చూడవలసిన అవసరమే ఉండదు, జాబితా ముగిస్తే వ్యాయామం ముగిసినట్టే.

హైదరాబాదులో ఉంటూ దరువు కోసం ఎక్కడో వెతకడం నాకు వింతగా అనిపిస్తుంది. బోనాల ఊరేగింపులో, వినాయక నిమజ్జనంలో తీన్మార్ మొదలైతే అరవై దాటినవారు కూడా ఆగలేరు. నిజాం కాలంలో సైన్యంలోకి వచ్చిన ఆఫ్రికన్ సిద్దీలు, యెమెన్ అరబ్బుల ద్వారా ఈ నగరానికి చేరిన మార్ఫా వాయిద్యం పాతబస్తీ పెళ్లిళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. తీన్మార్, మార్ఫా, డప్పు రికార్డింగులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. వాటికి మాటలు తక్కువ కాబట్టి విసుగు కూడా ఆలస్యంగా పుడుతుంది. వాన పడుతున్న సాయంత్రం హాల్లో సోఫా పక్కకు జరిపి, ఎవరూ నేర్పకుండానే వచ్చిన ఆ నాలుగు అడుగులు ఇరవై నిమిషాలు వేసి చూడండి, బనీను తడిసిపోవడం ఖాయం.

శబ్దం గురించి ఒక హెచ్చరిక. పెద్దవారు వారానికి మొత్తం 40 గంటల పాటు 80 డెసిబెల్స్ వరకు వినడం క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు వేగంగా తగ్గిపోతాయి. మీ ఫోన్ సెట్టింగులలో శబ్దానికి గరిష్ఠ పరిమితి పెట్టుకునే సదుపాయం ఉందేమో చూడండి. ఇక రోడ్డు మీద నడిచేవారు రెండు చెవులూ మూసుకోవడం మన ట్రాఫిక్‌లో ఆత్మహత్యాసదృశం, ఒక చెవికి మాత్రమే పెట్టుకోండి.

జవాబు: ఫిజియోథెరపిస్టు, కూకట్‌పల్లి

వాచ్ గురించి, మీ అమ్మగారి గురించి నేను చెప్పగలను.

వాచ్ వెనుక కనిపించే ఆకుపచ్చ కాంతి చర్మంలోకి ప్రవేశిస్తుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులో రక్తం పరిమాణం స్వల్పంగా మారి, ఆ కాంతిని పీల్చుకోవడంలో వచ్చే తేడాను సెన్సర్ గుర్తిస్తుంది. పట్టీ వదులుగా ఉన్నా, డంబెల్ గట్టిగా పట్టుకున్నా, మణికట్టును మడిచినా లెక్క తప్పుతుంది. వ్యాయామం చేసేటప్పుడు వాచీని మణికట్టు ఎముకకు ఒక వేలెడు పైకి జరిపి, జారకుండా కట్టుకుంటే అంకె చాలావరకు నమ్మదగినదిగా ఉంటుంది. కేలరీల లెక్కను మాత్రం పట్టించుకోకండి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 2017లో ఏడు పరికరాలను పరీక్షించినప్పుడు, ఆరు పరికరాలు గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతో చూపించాయి, కానీ కేలరీల విషయంలో అన్నిటికంటే మెరుగైన పరికరం కూడా సగటున 27 శాతం తప్పింది. వాచీ మూడు వందల కేలరీలు ఖర్చయ్యాయని చూపించిందని బిర్యానీలో మరో గరిట వడ్డించుకునేవారు మా దగ్గరికి తరచుగా వస్తుంటారు.

రోజుకు పదివేల అడుగులన్న లక్ష్యం వైద్యశాస్త్రం నుంచి పుట్టినది కాదు, 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు ప్రచారంలోంచి వచ్చినది. వయసు మళ్లిన స్త్రీల మీద 2019లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవారి కంటే 4,400 అడుగులు వేసేవారిలో మరణాల రేటు తక్కువగా కనిపించింది, 7,500 దగ్గర ఆ ప్రయోజనం పెరగడం ఆగింది. అందువల్ల మీ అమ్మగారి చేతికి వాచ్ పెట్టినా పదివేల లక్ష్యాన్ని తీసివేసి, ఇప్పుడు ఆవిడ నడుస్తున్న దానికి కొద్దిగా ఎక్కువ అంకె పెట్టండి.

ఇక బీపీ మాత్రల సంగతి చాలా ముఖ్యమైనది. వాచీలు గరిష్ఠ గుండె వేగాన్ని సాధారణంగా 220 నుంచి వయసు తీసివేసి లెక్కిస్తాయి. అరవై అయిదేళ్లకు అది 155 అవుతుంది. వయసును 0.7తో హెచ్చవేసి 208 నుంచి తీసివేయాలన్న మరో సూత్రం ప్రకారమైతే దాదాపు 162. సూత్రాలకే ఇంత తేడా ఉన్నప్పుడు మనుషుల మధ్య ఇంకా ఎక్కువే ఉంటుంది. అంతేకాక అటెనోలాల్, మెటోప్రోలాల్ వంటి బీటా బ్లాకర్ మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు. ఆ మాత్రలు వేసుకునేవారు గుండె వేగం ఎంత ఉండాలో వాచ్ చూపించే రంగుల గీతను అందుకోవాలని ప్రయత్నిస్తే శక్తికి మించి శ్రమపడతారు. ఆవిడ వాడుతున్న మాత్ర ఏదో చూసి డాక్టరుగారిని అడగండి. ఏ మాత్రలు వాడినా పనికివచ్చే కొలత ఒకటుంది. వ్యాయామం చేస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మాట్లాడటానికే ఊపిరి చాలకపోతే వేగం తగ్గించాలి, హాయిగా పాడగలుగుతుంటే కొంచెం పెంచవచ్చు.

జవాబు: కేబీఆర్ నడక బృందం సభ్యుడు

ఇన్ని పరికరాల చర్చ చదివాక ఒక్క మాట చెప్పాలనిపించింది. కేబీఆర్ పార్కులో దాదాపు 390 ఎకరాల పచ్చదనం ఉంది, నెమళ్లు అరుస్తుంటాయి, ఆ అరుపు వినకుండా చెవుల్లో ఏదో పెట్టుకుని ఫోన్ చూసుకుంటూ నడిచేవారిని చూస్తే జాలి కలుగుతుంది. మా బృందంలో ఎవరైనా ఒక రోజు రాకపోతే తొమ్మిది గంటలకల్లా అయిదుగురు ఫోన్ చేసి కారణం అడుగుతారు. ఆ పని ఏ వాచీ మోగించే గంటా చేయలేదు.

ఎండ, వాన అన్నారు కాబట్టి మీకు ఉపయోగపడే సంగతి ఒకటి. ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు మార్గం పక్కన నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు వైపు 2023 అక్టోబరులో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌కు పైకప్పుగా సౌర ఫలకాలే వేశారు. మీ ఆఫీసు గచ్చిబౌలిలోనే కదా, అది మీకు పెద్ద దూరమేమీ కాదు.

ప్రశ్నించినవారు: మియాపూర్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. సైకిల్ ట్రాక్ ఆలోచన బాగుంది, ఆఫీసుకు వెళ్లే రోజుల్లో ప్రయత్నిస్తాను. అమ్మ వాడుతున్నది బీటా బ్లాకర్ కాదని మాత్రల అట్ట చూసి మా డాక్టరుగారు చెప్పారు, అయినా మాట్లాడే పరీక్షనే పాటించమన్నారు. వీడియోల గురించి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు. ఇంగ్లీషులో గడగడా మాట్లాడే శిక్షకుడిని అందుకోలేకపోతున్నాను, మధ్యలో ప్రకటనలు వస్తాయి, వీటికి తోడు దూకే వ్యాయామాలు మొదలుపెట్టగానే కింది ఫ్లాట్ వారి నుంచి వాట్సాప్ సందేశం వస్తోంది.

జవాబు: నిజాంపేట గృహిణి

మియాపూర్ వాసి గారూ, కింది ఫ్లాట్‌లో ఉండేది నాలాంటివారే కాబట్టి ముందు వారి తరఫున చెబుతాను. స్లాబు మీద కాలు దబ్బున పడిన శబ్దం చాప వేసినంత మాత్రాన ఆగదు, కొంత తగ్గుతుంది అంతే. దూకడం లేని వ్యాయామాల వీడియోలు ప్రత్యేకంగా దొరుకుతాయి. ఉన్నచోటనే కవాతు, పక్కకు అడుగులు, గుంజీల తరహా స్క్వాట్లు, రబ్బరు బ్యాండ్లతో చేతులకు కసరత్తు, సూర్య నమస్కారాలు, ఇవన్నీ చెమట పట్టించగలవు, సీలింగ్ ఫ్యాన్ కదిలించవు. పాలరాతి టైల్స్ మీద సాక్సులతో చేయకండి, జారుతుంది.

వీడియో విషయంలో నా అభిప్రాయం మొదట జవాబిచ్చిన మిత్రుడికి కొంత భిన్నంగా ఉంది. కథకు కొత్తదనం కావాలి, నిజమే. కానీ రోజుకో కొత్త వీడియో పెట్టుకుంటే తర్వాత ఏం చేయాలో తెలియక తెర వైపే చూస్తుంటాము, మెడ పట్టేస్తుంది, మోకాలు ఏ దిక్కున వంగుతోందో గమనించుకోలేము. జపాన్‌లో 1928లోనే రేడియోలో వ్యాయామ ప్రసారం మొదలైంది. కొద్ది నిమిషాల ఆ కదలికలు అందరికీ కంఠస్థం కాబట్టి సంగీతం మొదలవగానే శరీరం దానంతటదే కదులుతుంది. నేను కూడా ఒకే వీడియోను, వంటలా చేతికి వచ్చేదాకా, మార్చను. మొదటిసారి కూర్చుని చివరిదాకా చూస్తాను, రెండోసారి వేగాన్ని 0.75కు తగ్గించి చేస్తాను, వరుస గుర్తుండిపోయాక శిక్షకుడి గొంతు పూర్తిగా తగ్గించి, దరువు గారు చెప్పిన పద్ధతిలో మన పాటలే పెట్టుకుంటాను. అప్పుడు కదలికలు మారకపోయినా పాటలు మారుతుంటాయి కాబట్టి విసుగు రాదు. ఇంగ్లీషు గడగడ, ప్రకటనల గొడవ, రెండూ అక్కడితో తీరిపోతాయి. వీడియో అయిపోగానే మరొకటి దానంతటదే మొదలయ్యే సదుపాయాన్ని ఆపేయడం మరిచిపోకండి, లేకపోతే వ్యాయామం ముగిసిన చోటే సోఫాలో కూర్చుని వంటల వీడియోలు చూస్తూ ఉండిపోతాము.

ఫోన్‌ను నేల మీద ఆనించి చూసే బదులు టీవీకి కలిపి, కంటి ఎత్తులో చూడండి. శిక్షకుడు ఎదురుగా నిలబడి చేసేటప్పుడు ఆయన ఎడమ చేయి మన కుడి వైపు కనిపిస్తుంది, దాని గురించి బెంగ అవసరం లేదు, రెండు వైపులా సమానంగా చేస్తే చాలు.

జవాబు: ఫిజియోథెరపిస్టు, కూకట్‌పల్లి

నిజాంపేట గృహిణి గారు చెప్పిన పద్ధతి మియాపూర్ వాసి గారి అమ్మగారికి కూడా సరిపోతుంది, కొద్ది మార్పులతో. కుర్చీ వ్యాయామాల వీడియోల్లో పది పదిహేను నిమిషాలవి ఎంచుకోండి. చక్రాలు లేని, చేతులున్న కుర్చీని గోడకు ఆనించి వేయండి. కూర్చున్నచోటనే మడమలు, మునివేళ్లు ఎత్తడం, మోకాలు చాపి కొద్దిసేపు నిలపడం, ఆ తర్వాత కుర్చీ చేతులు పట్టుకుని లేచి మళ్లీ నెమ్మదిగా కూర్చోవడం, ఇవి తొడ కండరాలకు బలాన్నిచ్చి మోకాళ్ల మీద భారం తగ్గిస్తాయి. అరవై అయిదు దాటినవారికి వారానికి మూడు రోజులైనా తూలకుండా నిలబడే కసరత్తులు కావాలని కూడా ఆ 2020 మార్గదర్శకాల్లోనే ఉంది, కాబట్టి కొంత అలవాటయ్యాక కుర్చీ వెనుక భాగం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం చేర్చవచ్చు, అప్పుడు మీరు పక్కనే ఉండండి. చేసిన మర్నాడు మోకాలి నొప్పి మామూలు కంటే ఎక్కువగా ఉంటే సగానికి తగ్గించండి. ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపి వైద్యులను సంప్రదించాలి. పాటలు ఆవిడనే ఎంచుకోనివ్వండి.